పుడక ఆడా, మగా?

ఆ పది రోజులూ నాకు ఫోను చూడాలంటే భయం. మోగితే కాదు, మోగకుండా వెలిగితే. వెలిగిందంటే ఎవరో కామెంటు పెట్టారన్నమాట, దాని కిందే ఇంకెవరో తిట్టారన్నమాట. నన్ను తిడితే ఊరుకునేదాన్నేమో. తిట్టుకునేది వాళ్లలో వాళ్లు. అదీ దేనికి? నేను గీసిన ఒక బొమ్మ ఆడపిల్లా, మగపిల్లాడా అని.

కళ్యాణదుర్గంలో తాసిల్దారు ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో నాకు పని. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, అర్జీలు, ఏది కావాలంటే అది టైపు చేసి, డిజైను చేసి ఇస్తాను. మధ్యాహ్నం మూడు దాటితే ఎండకు జనం పల్చబడతారు. ఆ ఖాళీలో, అదే కంప్యూటర్ మీద, ఒక బొమ్మను ఆడించడం మొదలుపెట్టాను. నిమిషం నిడివి వీడియోలు. ఎర్రనేల, నాలుగు తుమ్మచెట్లు, పది మేకలు, వాటి వెనక ఒక బుడ్డ మనిషి. మోకాళ్లు దాటిన చొక్కా, నెత్తిన తువ్వాలు, చేతిలో కట్టె, ముక్కుకు కుడిపక్క చిన్న బంగారు చుక్క. ఆ బొమ్మ మనుషులతో మాట్లాడదు. మేకలకు చీవాట్లు పెడుతుంది, ఎండకు చీవాట్లు పెడుతుంది, ఊరించి కురవకుండా పోయే మబ్బును నిలబెట్టి కడిగేస్తుంది.

"ఏమప్పా మబ్బూ, ఈడిదంకా వచ్చి మొగం సూపిచ్చి పోతాండావే, మా ఇంట్లో కుచ్చోని మజ్జిగన్నా తాగిపోరాదా?"

గొంతు నాదే. మాటలు నావి కావు. అవి ఎవరివో తర్వాత చెబుతాను.

జనానికి ఆ బొమ్మ నచ్చింది. బెంగళూరులో కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్లు, హైదరాబాదులో హాస్టళ్లలో ఉన్నవాళ్లు, మా పక్క యాస విని ప్రాణం లేచొచ్చిందని రాశారు. నేను బొమ్మకు పేరు పెట్టలేదు. పెట్టనందుకు వాళ్లే పెట్టుకున్నారు, పుడక అని. అది నేను చిన్నప్పుడు విన్న పేరే. అప్పుడే ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. పేరు పెట్టారంటే ఇష్టపడ్డట్టే కదా అని సంబరపడ్డాను.

గొడవ ఒక చిన్న ప్రశ్నతో మొదలైంది. ఎవరో అడిగారు, "పుడక పాపనా, బాబునా?" అని. ముక్కుకు పుడక ఉంటే పాప కాక ఏమిటి అన్నారు ఒకరు. ఆ చొక్కా చూసి చెప్పు, ఏ ఇంట్లో ఆడపిల్లను అట్లా అడవికి పంపిస్తారు అన్నారు ఇంకొకరు. రెండు రోజుల్లో రెండు పార్టీలు తేలాయి. ఒకాయన పుడక కంపను దూకే తీరు మీద, కట్టె భుజాన వేసుకునే తీరు మీద ఏకంగా పావుగంట వీడియో చేశాడు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఎడమపక్క కుట్టించుకుంటారు, ఇది కుడిపక్క ఉంది కాబట్టి మగవాడేనని ఒకామె తేల్చింది. మీ ఇళ్ల సంగతి ఎవరడిగారమ్మా అని ఇంకొకామె లేచింది. అక్కడి నుంచి ఇళ్లు, కులాలు, తల్లులు, అన్నీ వచ్చేశాయి.

నిజం ఒప్పుకోవాలి. మొదట్లో నాకు సరదాగానే ఉండింది. ఇంతమంది పెద్దమనుషులు నా గీతల కోసం చొక్కాలు పట్టుకుంటున్నారే అని లోపల పొంగిపోయాను. పైగా, "మీరే చెప్పండి చూద్దాం" అని ఒక నవ్వు బొమ్మ పెట్టి వదిలాను. మండేదానికి ఇంత కిరసనాయిలు నేనే పోశాను.

ఆడ పార్టీలో అందరికంటే గట్టి మనిషి ఎవరనుకున్నారు? గుంతకల్లులో ఉండే మా అన్న కూతురు. ఎనిమిదో తరగతి. వాళ్లమ్మ ఫోనులోంచి కామెంట్లు పెట్టేది. నోరు మాత్రం వకీలు నోరు. రోజూ బడి నుంచి రాగానే నాకు ఫోను చేసేది.

"అత్తా, ఒక్క మాట చెప్పు. ఆడపిల్లే గదా?"

"చూసేవాళ్లకు ఎట్లా అనిపిస్తే అట్లా."

"ఆ మాట వద్దు. అన్ని బొమ్మల్లోనూ మగోళ్లే అత్తా. సంచులమీద, పెన్సిల్ డబ్బాలమీద, అంతా వాళ్లే. ఇదొక్కటి మాకు ఇడ్సండప్పా అంటే ఏడుస్తాండారు మా క్లాసోళ్లు. నువ్వు చెప్పు, వాళ్ల నోర్లు నేను మూయిస్తా."

నేను చెప్పలేకపోయేదాన్ని. ఎందుకంటే పుడక ఆ పిల్ల తండ్రి. మా అన్న.

మా అన్నకు ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు. మూడోవాడు పుట్టగానే మా అవ్వ ఆలస్యం చేయలేదు. పసిగుడ్డును తీసుకుపోయి పెంటదిబ్బ మీద పొర్లించింది. పదకొండో రోజున బంగారు పని చేసే ఆచారిని పిలిపించి ముక్కు కుట్టించింది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లల్లో మా పక్క చేసే పనే అది. ఇది ఎవరికీ పనికిరాని బిడ్డ, అందులోనూ ఆడబిడ్డ అని చావును నమ్మించడం. ఊళ్లో ఎవరడిగినా ఆడపిల్లే అని చెప్పాలి. లంగా కట్టాలి, జుట్టు పెంచాలి. ఐదేళ్లు నిండాక మారెమ్మకు పొట్టేలును కొట్టి, చుట్టాలందరికీ అన్నం పెట్టి, ఆ తల్లి ముందర పుడక తీయించాలి. అప్పటికి గండం దాటినట్టు లెక్క.

అన్నకు ఐదేళ్లు నిండిన ఏడు వాన పడలేదు. బుడ్డలు, అదే వేరుశనగ, ఊడ దిగకుండానే మాడిపోయాయి. పై ఏడు తీయిద్దాం అన్నారు. పై ఏడూ అంతే. లంగా మాన్పించారు, జుట్టు కత్తిరించారు, పుడక మాత్రం మొక్కు తీరకుండా తీయకూడదు. పంట కాస్త చేతికొచ్చిన ఏడు మా నాయన పోయాడు. ఇట్లా ఏడేళ్లు. ఊళ్లో ముక్కు కుట్టిన మగపిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లందరికీ బళ్లో చేరే వయసుకే తీసేశారు. పన్నెండేళ్లు వచ్చినా, ఏడో తరగతిలో కూర్చున్నా, ముక్కున పుడక మెరుస్తూ ఉన్నది మా అన్న ఒక్కడికే.

బళ్లో అన్నను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పుడక అనే పిలుపు. అయ్యవారు కూడా అప్పుడప్పుడూ నవ్వుతూ అదే అనేవాడు. అన్న తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. సాయంత్రం, సెలవుల్లో, మేకలు తోలుకొని గుట్ట కిందికి పోతే అక్కడ మాత్రం ఆగకుండా మాట్లాడేవాడు. మేకలతో, మబ్బుతో, తొండలతో. వెనక నేనుండేదాన్ని. అతనికంటే ఐదేళ్లు చిన్నదాన్ని. అంత నవ్వించే మనిషిని నేను మళ్లీ చూడలేదు. నా వీడియోల్లో జనం పడిపడి నవ్వే మాటలన్నీ ఆ గుట్ట కింద విన్నవే.

ఆ పేరుతో నేనూ ఒకసారి పిలిచాను. బలపం ఇవ్వలేదని, బళ్లో అందరి ముందూ, "పో పుడకా" అన్నాను. పిల్లలందరూ గొల్లుమన్నారు. అన్న నన్ను కొట్టలేదు, బలపం రెండు ముక్కలు చేసి నాకొక ముక్క ఇచ్చి వెళ్లిపోయాడు. ఇంత జరిగినా నేను ఆ బొమ్మ ముక్కు మీద ఆ చుక్క పెట్టాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎనిమిదో తరగతికి పక్క ఊరి హైస్కూలుకు పోవాలి. కొత్త బడికి దీనితో పోను అన్నాడు. అమ్మ కాళ్లు పట్టుకుంది, ఒక్క ఏడు ఆగు నాయనా అని. రేపు బడనగా గుట్ట కింద, నా ముందరే, వెనక వంచిన తీగను వేళ్లతో నిగిడించి లాగేశాడు. చొక్కా అంతా నెత్తురైంది. "మేక కొమ్ము తగిలిందని చెప్పు పాపా" అన్నాడు. నేను అట్లాగే చెప్పాను. అమ్మ నెల రోజులు నిద్రపోలేదు, ఇప్పుడు వీడు మగవాడని చావుకు తెలిసిపోయింది కదా అని.

ఏమీ కాలేదు. అన్న చదువుకున్నాడు, పరీక్ష రాసి రైల్వేలో చేరాడు. పట్టాల మీద పని. ముక్కు మీద మచ్చ ఏమిటని పెళ్లయిన కొత్తలో వదిన అడిగితే మేక పొడిచిందన్నాడు. నేను చెప్పిన అబద్ధమే ఇప్పటికీ ఆ ఇంట్లో నిజం.

ఇక నేను చేసిన పొరపాటు చెబుతాను. ఈ పక్క ప్రతి ఊళ్లోనూ ఇట్లాంటి ముక్కు ఒకటుంటుంది, ఎవరిదని పట్టుకుంటారులే అనుకున్నాను. పన్నెండేళ్ల పిల్లాడి ఎత్తు గీసి, ముక్కున పుడక పెడితే, అది ఎవరిదైనా కావచ్చు అనుకోవడం ఎంత తెలివితక్కువో నాకు తట్టలేదు. ఐదేళ్లు దాటిన పుడక ఒకే ఒక్కడిది.

గొడవ ముదిరిన వారానికి, ఒక శుక్రవారం, అన్నతో చదువుకున్న ఒకాయన ఫోటో పెట్టాడు. బెంగళూరులో లారీ నడుపుతాడు. మా బడి ఏడో తరగతి గ్రూపు ఫోటో. వెనక వరసలో చివర నిలబడ్డ పిల్లాడి ముఖం చుట్టూ ఎర్ర సున్నా. కింద ఇట్లా రాశాడు. "కొట్లాడుకోబాకండప్పా. పుడక మా క్లాసోడు. మగోడే. ఇప్పుడు గుంతకల్లులో రైల్వేలో ఉండాడు. ఇదో సూడండి."

షాపులో ఎవరో ఆధార్ కార్డు జిరాక్సు అడుగుతున్నారు. నాకు చెవుల్లో ఏమీ పడలేదు. ఆయన నంబరు పట్టుకొని ఫోను చేసి, తీసేయమని బతిమాలాను.

"ఏమ్మా, నేను మంచే చేసినా గదా," అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. "వాడిని అంత ఏడిపిస్తిమి. ఇప్పుడు లోకమంతా మెచ్చుకుంటాండాది. హీరో అయినాడని పెట్టినా."

మంచి మనిషి. తీసేశాడు కూడా. కానీ అప్పటికే గంట దాటింది. మగ పార్టీవాళ్లు ఆ ఫోటోకు పాట పెట్టి తిప్పుతున్నారు. ఆడ పార్టీలో ఎవరో పిల్లాడి తలలో పూలు పెట్టి, లంగా తొడిగి, ఇప్పుడు చెప్పండి అని పెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత మా అన్నకు మళ్లీ లంగా కట్టారు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపం? అందరికంటే ముందు నా మీదే.

అన్నకు ఫోను చేశాను. ఎత్తలేదు. శనివారం పొద్దున మళ్లీ చేశాను. ఎత్తలేదు. వదినకు చేస్తే, "డ్యూటీకి పోయినాడు, నిన్న మాపటి నుంచీ మాట్లాడడం లేదు, ఏమైందో తెల్దు" అంది. అన్న చేసేది పట్టాల మీద పని. వెనక నుంచి బండి వస్తుంటే చెవులు అక్కడుండాలి, మనసు అక్కడుండాలి. పక్కన ఎవడైనా ఫోను చూపించి నవ్వితే? ఆ నవ్వు గురించే ఆలోచిస్తూ నిలబడిపోతే? శనివారమంతా షాపులో కూర్చొని అదే చూశాను, కళ్లు తెరిచే. ఒక పెళ్లి పత్రికలో వరుడి పేరు వధువు చోట కొట్టి ఓనరుతో తిట్లు తిన్నాను.

ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది. ఆ ఫోటో కింద ఎవరో పెద్దాయన తన ముక్కును దగ్గరగా తీసి పెట్టాడు, నాకూ కుట్టించినారు అని. సోమందేపల్లె అవతలి నుంచి ఒకమ్మాయి, మా నాయనకూ ఉండాదని పెట్టింది. మా మామకు, మా తాతకు అంటూ ఇంకా కొందరు పెట్టారు. వాటన్నిటినీ నేను ఏరి ఒకచోట దాచుకున్నాను. అన్న వస్తే చూపిద్దామని. ఇవి చూస్తే మెత్తబడతాడని.

ఆదివారం పదకొండు గంటలకు వచ్చాడు. బస్టాండు నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. బతికే ఉన్నాడన్న సంతోషంలో ఎదురెళ్లాను. నన్ను దాటుకొని లోపలికి పోయి, అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. అప్పుడు చాట ముందర పెట్టుకొని బుడ్డలు ఒలుస్తోంది. నేను నీళ్లిచ్చాను. తీసుకోలేదు.

"అడిగినావా నన్ను?"

"లేదన్నా."

"నాకి ఫోను లేదా? ఒక్క మాట, అన్నా ఇట్ల గీస్తాండా అని అడిగింటే నీ సొమ్మేం పోయేది?"

"ప్రేమతో గీసినా అన్నా."

"ప్రేమ ఉంటే చొక్కా గీయి. కట్టె గీయి. మేకలు గీయి. పుడక ఎందుకు గీసినావే?"

చేతిలో ఉన్న నీళ్లు కింద పెట్టాను. చెప్పడానికి ఉంది. ఆ చుక్క పెట్టకముందు అది ఒట్టి బొమ్మ, పెట్టాకే అది అన్న అయింది. ఆ మాట ఆ మనిషి ముఖం మీద ఎట్లా అనను?

అన్న గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మొన్న పని కాడ ఒకడు ఫోను సూపిచ్చి, ఈడు నువ్వేనంట గదా అన్నాడు. కాదన్నా. ఇంటికి పోతే బిడ్డ అదే ఫోటో పట్టుకొని నిలబడుకోనుండాది. నాయనా ఇది నువ్వేనా అనింది. ఆ యమ్మికీ కాదన్నా. నా బిడ్డ మొగం సూస్తా అబద్ధం చెప్పినా పాపా. నీవల్ల."

ఫోను తీసి, దాచుకున్నవన్నీ చూపించాను. చూడన్నా ఎంతమందో, ఎవరూ సిగ్గుపడటం లేదు అన్నాను. అన్న ఒక్కొక్కటే జరుపుతూ చాలాసేపు చూశాడు. నాకు ఆశ పుట్టింది. ఫోను నా చేతికిచ్చేశాడు.

"వీళ్లు ఏడో క్లాసులో పెట్టుకోని పోలేదు."

"అయితే అన్నీ తీసేస్తా. ఈ క్షణమే తీసేస్తా."

"తీసేస్తే నిజమే గాబట్టి తీసేసిందంటారు. తీయొద్దు. ఆడపిల్ల అని రాయి. గీసినదానివి నువ్వు, నువ్వు రాస్తే ఇంక ఎవురూ నోరు ఎత్తరు. ఫోటోలో ఉండేవానికీ బొమ్మకీ సంబంధం లేదని తేలిపోతాది."

సులువైన పని. ఒక్క వాక్యం. నా మనసు ఒప్పుకోలేదు. గుట్ట కింద నన్ను నవ్వించిన మనిషి ఈ లోకంలో ఎక్కడైనా మిగిలి ఉన్నాడంటే ఆ నిమిషం వీడియోల్లోనే ఉన్నాడు. రైల్వే చొక్కాలో ఉన్న ఈ మనిషి నవ్వించడం మానేసి ఏళ్లయింది. వాడిని నా చేత్తో నేనే తుడిచేయాలా? ఆలోచిద్దాం అన్నా, రేపు రాస్తా అన్నా అని నసిగాను. అన్న లేచి నిలబడ్డాడు. ఈ గడప నుంచి ఇట్లాగే దిగిపోతే ఇక నా ఇంటికి రాడని నాకు అర్థమైంది.

అప్పుడు అమ్మ మాట్లాడింది. ఫోనులూ బొమ్మలూ అమ్మకు ఏమీ తెలియవు, మా గొడవ వింటోందని కూడా నేను అనుకోలేదు.

"రాయి పాపా," అంది, చేతిలో బుడ్డలు చాటలో వేసి. "అప్పుడు గూడా అదే చెప్పినాము. ఎవురడిగినా ఆడపిల్లే అంటిమి. దానికే దక్కినాడు. ఇప్పుడు మాత్రం చెప్తే ఏమి?"

అన్న ముఖం ఎర్రబడింది. "చాలించమ్మా" అని బయటికి పోయి, కుళాయి కింద తల పెట్టాడు. కన్నీళ్లు నేను చూడకూడదని పెట్టాడు. భుజాలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి.

రాశాను. "పుడక ఆడపిల్ల. మొదటి నుంచీ ఆడపిల్లే. ఆ ఫోటోకూ ఈ బొమ్మకూ ఏ సంబంధమూ లేదు." అన్న లోపలికి వచ్చాక చదివి వినిపించాను. తల ఊపాడు. అతని ముందరే పంపాను. పది నిమిషాల్లో ఆడ పార్టీ పండగ చేసుకుంది, మగ పార్టీ నన్ను మోసగత్తె అంది. తిట్లలో అది ఒక్కటే నిజమని నాకు తెలుసు.

అమ్మ సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి పెట్టింది. అన్న తిన్నాడు. రెండు గంటల బస్సుకు బయలుదేరుతూ గడపలో చెప్పులు వేసుకుంటుంటే ఆ పూటకు మొదటిసారి అతని ముఖం కాస్త విచ్చుకుంది.

"బిడ్డ గెలిచింది. ఇల్లంతా ఎగురుతా ఉంటాది ఈ పొద్దు," అన్నాడు.

బస్టాండు దాకా వెళ్లాను. బస్సు ఎక్కాక కిటికీలోంచి, "అమ్మకు మందు బిళ్లలు అయిపోయినాయి సూడు" అన్నాడు. నాతో మాట్లాడాడు కదా, అదే చాలనుకున్నాను. ఇంటికొచ్చి, గండం గడిచిందని చాప మీద వాలాను.

ఐదున్నరకు మేనకోడలు ఫోను చేసింది. గెలిచిన సంబరం చెప్పడానికి చేసిందని నేనే ముందు అందుకున్నాను.

"ఏమమ్మా, నువ్వు చెప్పిందే రాసినా. సంతోషమేనా?"

అవతల గది తలుపు వేసిన చప్పుడైంది. కాసేపటికి, "అత్తా, నువ్వు అబద్ధం రాసినావు గదా," అంది.

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. నాయన కాదన్నాడు. సరే అన్నా. మర్సటి దినం డ్యూటీ నుంచొచ్చి, తల పైకెత్తి చెంబు నీళ్లు తాగుతాండాడు. నేను కింద కుచ్చోని బూట్లు తుడుస్తాండా. ఆయన ముక్కులో బొక్క ఉండాది అత్తా. ఎండ ఈపక్క నుంచి ఆపక్కకు కనిపించింది. మేక పొడిస్తే అంత గుండ్రంగా పడతాదా? ఫోటోలో ఉండే పక్కనే ఉండాది."

నేను చాప మీద లేచి కూర్చున్నాను.

"ఇన్ని దినాలు నాకి ఆడపిల్లే కావల్లని కొట్లాడినా. అది నాయనని తెలిసినాక నాకు ఆడపిల్ల వద్దత్తా. నాకి నాయనే కావల్ల." ఆ పిల్ల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "పూలు పెట్టినారు సూడు ఆ ఫోటోకు, వాళ్లు మా పార్టీవాళ్లే. నేనే నవ్వే బొమ్మ పెట్టినా దానికి. నాకప్పుడు తెల్దు."

"ఏడవొద్దమ్మా. నేను నాయనతో మాట్లాడతా."

"వద్దు! నాకి తెలిసిపోయిందని నాయనకు చెప్పొద్దు. ఒట్టు పెట్టు. చెప్తే ఇంక ఆయన నా ముందర తల ఎత్తి నీళ్లు తాగడు." అంతలోనే గొంతు మార్చి, "వస్తాండాడు, గేటు కాడుండాడు, పెట్టేస్తా" అంది.

ఫోను పట్టుకొని అట్లాగే కూర్చున్నాను. పావుగంట గడిచిందేమో. నేను రాసిన మాట కింద కొత్త కామెంటు వచ్చింది. వదిన ఫోనుది.

"నేను మొదటినుంచీ చెప్తానే ఉండా. పుడక ఆడపిల్లే. ఇంకా మగోడు అనేటోళ్లు ఎవురన్నా ఉంటే నా ముందరికి రండి. ఆ ఫోటో పెట్టినోళ్లందరూ తీసేయండి."

దాని కింద వచ్చిన ప్రతి మగ పార్టీ మనిషికీ వరసగా జవాబులు పడుతున్నాయి. ఒక్కొక్కరినీ పట్టుకొని, తప్పని తెలిసిన మాటను తప్పుకాదని వాదిస్తోంది. అంత గట్టిగా ఆ పిల్ల ముందెప్పుడూ వాదించలేదు. నేను చదువుతూ ఏడ్చాను. అమ్మ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

తర్వాత వదిన చెప్పింది. అవన్నీ వాళ్ల నాయన పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చొని రాసిందట. రాసిన ప్రతిదీ ఆయనకు చదివి వినిపించిందట. చివరికి ఫోను పక్కన పెట్టేసి, "గెలిచినాము నాయనా" అందట.